అడవిని కాచినదెవరు? – పల్నాటి పుల్లరి పోరాటం

ప్రకృతి పరిరక్షణ గురించి మన సాహిత్యంలో కొంతకాలంగా చాలా రచనలు వస్తున్నాయి. చెట్టు మీద, పులి మీద, నది మీద కవితలు విరివిగా అచ్చవుతున్నాయి. ఇది ఆహ్వానించదగిందే. కాని వీటిలో ఎక్కువ భాగం ఒక ప్రశ్న వేసుకోకుండానే సాగిపోతున్నాయి. అడవిని ఎవరినుంచి రక్షించాలి, ఎవరికోసం రక్షించాలి? ఈ ప్రశ్న వేసుకోని ప్రకృతి ప్రేమ చివరకు ఎవరి పక్షాన నిలబడుతుందో చరిత్రే చెబుతుంది. పల్నాటి పుల్లరి పోరాటాన్ని ఈ దృష్టితో మళ్లీ పరిశీలించడం అవసరమని నేను భావిస్తున్నాను.

ముందుగా సంరక్షకుడనే మాట సంగతి చూద్దాం. మన దేశంలో ఆ మాట ఆదర్శంగా కాక, ఉద్యోగంగా పుట్టింది. 1806లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మలబారులో కెప్టెన్ వాట్సన్ అనే పోలీసు అధికారిని అడవుల ‘కన్సర్వేటరు’గా నియమించింది. బ్రిటిషు నౌకాదళానికి కావలసిన టేకును సేకరించి పంపడం ఆయన పని. స్థానికుల వ్యతిరేకత పెరిగి 1823లో ఆ పదవి రద్దయింది. మళ్లీ 1856లో మద్రాసు రాజధానికి కన్సర్వేటరుగా డాక్టర్ హ్యూ క్లెగార్న్ వచ్చాడు. విచ్చలవిడి నరికివేత వల్ల కలిగే నష్టాన్ని గుర్తించిన శాస్త్రజ్ఞుడాయన. ఆ సంగతి కాదనరాదు. కాని దక్షిణదేశంలో మొదటి రైలు నడిచిందీ ఆ సంవత్సరమే. పట్టాల కింద స్లీపర్లు కావాలి, ఇంజన్లకు కట్టెలు కావాలి. రైల్వేకు పోయే దుంగ ‘ఉత్పత్తి’ అయింది. రైతు నాగలికి కొట్టుకున్న కొమ్మ ‘నేరం’ అయింది.

ఈ తేడాకు చట్టరూపం యిచ్చింది 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. అంతకుముందు దశాబ్దంలో సాక్షాత్తూ మద్రాసు రెవెన్యూ బోర్డే, అడవుల మీద గ్రామాలకు అనుభవ హక్కులున్నాయని గుర్తుచేసి అభ్యంతరం చెప్పింది. అయినా చట్టం వచ్చింది. ఒక అడవిని రిజర్వు చేస్తామని ప్రకటించాక గడువులోగా హక్కు చెప్పుకోనివాడి హక్కు రద్దవుతుంది. గెజిట్ అంటే ఏమిటో తెలియని పశుల కాపరికి, చెంచుకు ఈ గడువు ఏపాటి న్యాయమో వేరే చెప్పనక్కర్లేదు.

సాగర్ కుడికాలువ రాకముందటి పల్నాడు మెట్టసీమ. నాపరాతి నేలలో జొన్న, సజ్జ పండించుకునే రైతుకు పొలం ఒక్కటే ఆధారం కాదు. గొడ్డుకు మేత, నాగలికి కర్ర, చేనుకు ఆకు ఎరువు, పొయ్యిలోకి పుల్ల అడవినుంచే రావాలి. పుల్లరి అనే మాట బ్రిటిషువాళ్లకంటే చాలా పాతది. పులు అంటే గడ్డి, అరి అంటే పన్ను. రాజుల కాలంలోనూ పచ్చిక మీద పన్ను వుంది. కాబట్టి కొత్తగా వచ్చింది పన్ను కాదు. పుల్లరి కట్టినవాడికి కూడా అడవి మీద హక్కు లేకుండా పోవడం, అనుమతి మాత్రమే మిగలడం కొత్త. పశువు గీత దాటితే బందెలదొడ్డి, ఆపైన జరిమానా, దానిపైన మామూళ్లు.

1921లో, సహాయ నిరాకరణ వాతావరణంలో, పల్నాటి రైతులు పుల్లరి కట్టడం మానేశారు. పర్మిట్లు లేకుండా పశువులను అడవిలోకి తోలారు. అధికారులను గ్రామాలు వెలివేశాయి. వాళ్లకు తిండి సరుకులు అమ్మలేదు, ఏ పనివాడూ పని చెయ్యలేదు. పరిస్థితి చూడడానికి కాంగ్రెసు పక్షాన వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచార్యులు మాచర్లలో అరెస్టయి జైలు పాలయ్యారు. ఉన్నవ జైలులో వుండగానే ‘మాలపల్లి’ రాశారన్నది సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. 1922 ఫిబ్రవరిలో బార్డోలీ తీర్మానంతో దేశంలో ఉద్యమం నిలిచిపోయింది. ఆ నెలలోనే దుర్గి ప్రాంతపు మించాలపాడులో పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు.

పల్నాడు అనగానే మన సాహిత్యానికి కోడిపందెం, కార్యమపూడి రణరంగం గుర్తొస్తాయి. హనుమంతును కూడా మనం ఆ వీరగాథల వరుసలోనే చేర్చుకున్నాం. పాఠ్యపుస్తకాలు అతణ్ని పన్ను నిరాకరించిన దేశభక్తుడని చెప్పాయి. రెండూ అబద్ధాలు కావు. కాని రెంటిలోనూ అడవి కనిపించదు. పుల్లరి పోరాటం అడవి మీద పెత్తనం ఎవరి చేతిలో వుండాలన్న పోరాటం కూడా అన్న సంగతి మరుగున పడిపోయింది.

దీనికి వ్యతిరేక దిశలో మరో ధోరణి వుంది. రైతునంతటినీ పుట్టుకతోనే ప్రకృతి పరిరక్షకుడిగా చిత్రించే ధోరణి అది. దాన్ని కూడా అంగీకరించలేం. పల్నాటి రైతు చెట్లను కాపాడాలన్న నినాదంతో కదలలేదు, మేతకోసం కదిలాడు. పెద్ద మంద వున్న ఆసామి అవసరం, రెండు గొడ్లున్న పేదరైతు అవసరం, తేనె, దుంపల మీద బతికే చెంచు అవసరం ఒకటి కావు. అదుపులేని మేత లేతమొక్కను బతకనివ్వదు. కాబట్టి హక్కు వున్నచోట హద్దూ వుండాలి. ఆ హద్దును అడవిని నమ్ముకున్నవాళ్లు కూర్చుని గీసుకుంటారా, లేక తుపాకి గీస్తుందా అన్నదే అసలు వివాదం.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ వివాదం తీరలేదు. 1973లో హిమాలయాల్లోని మండల్ గ్రామంలో చిప్కో ఉద్యమం ఎందుకు మొదలైంది? వ్యవసాయ పనిముట్ల కోసం ఊరివాళ్లు అడిగితే యివ్వని చెట్లను అటవీశాఖ ఆటవస్తువుల కంపెనీకి కేటాయించింది గనుక. మన నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ పథకం వచ్చాయి. పులి బతకవలసిందే. కాని 2019 మే నెలలో, కృష్ణకు ఆవలనున్న అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. చెంచులు ఎదురుతిరిగారు, ఆందోళన పెరిగింది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చెయ్యవలసి వచ్చింది. పుల్ల ఏరుకునే చెయ్యి అడవికి ప్రమాదమని నమ్మించిన వ్యవస్థకు గనుల యంత్రం ప్రమాదంగా కనిపించలేదు.

హనుమంతు చనిపోయిన 84 ఏళ్లకు, 2006 అటవీ హక్కుల చట్టం, సామూహిక అడవిని కాపాడుకోవడం, నిర్వహించుకోవడం అడవిని నమ్ముకున్న ప్రజల హక్కేనని రాసింది. కాపాడడం అధికారి ఉద్యోగం మాత్రమే కాదని చట్టం ఒప్పుకున్నది. దాన్ని ఆచరణలోకి తేవడం యింకా పోరాడి సాధించవలసిందే.

పరిరక్షకుడంటే అడవి చుట్టూ కంచె వేసేవాడు కాదు, దూరంనుంచి దాని అందాన్ని పొగిడేవాడూ కాదు. అడవితో తన బతుకు ముడిపడివుందని తెలిసి, ఆ బతుకుకు తానే హద్దు పెట్టుకుని, ఆ హద్దును దాటే బలవంతుణ్ని నిలదీసేవాడు. పచ్చదనాన్ని గురించి రాసే మన రచయితలు ఆ పచ్చదనం మీద పెత్తనం ఎవరిదో కూడా రాయాలి. మించాలపాడును వీరగాథనుంచి అడవి చరిత్రలోకి తీసుకురావడం ఆ పనికి ఆరంభం కావాలి.