థియోసిస్

థియోసిస్ అనగా మానవుడు దేవుని కృప వలన దైవ జీవనంలో పాలుపొందుటను తెలిపే క్రైస్తవ సిద్ధాంతం. ఈ గ్రీకు పదానికి దైవీకరణ అని అర్థం. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు దీనిని రక్షణ యొక్క పరమ లక్ష్యంగా భావిస్తాయి. బైబిలు కొత్త నిబంధనలోని పేతురు రెండవ పత్రిక (1:4) దీనికి ముఖ్య ఆధారం.

చరిత్ర

దేవుడు మానవుడైనది మానవులను దైవత్వంలో పాలివారిని చేయుటకే అని 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ బోధించాడు. క్రీస్తు సృష్టింపబడినవాడని చెప్పిన ఏరియస్ వాదాన్ని ఇతడు దీని ఆధారంగానే ఖండించాడు. సృష్టింపబడినవాడు ఇతరులను దేవునితో ఏకం చేయలేడని ఇతని వాదన.

వివాదం

దైవీకరణ జరిగితే సృష్టికర్తకు, సృష్టికి గల భేదం చెరిగిపోదా అన్నది ఈ సిద్ధాంతంలోని ప్రధాన ప్రశ్న. 14వ శతాబ్దంలో ఆథోస్ పర్వత సన్యాసులు ప్రార్థనలో దైవకాంతిని దర్శిస్తామని చెప్పగా, కలాబ్రియాకు చెందిన బర్లామ్ ఆక్షేపించాడు. గ్రెగొరీ పాలమాస్ వారి పక్షాన సమాధానమిచ్చాడు. దేవుని సారం ఎవరికీ అందనిదని, ఆయన శక్తులలో మాత్రం మానవుడు నిజంగా పాలుపొందగలడని ఇతని వివరణ. 1341, 1351 సంవత్సరాలలో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభలు పాలమాస్ పక్షాన్ని సమర్థించాయి. కనుక ఈ సిద్ధాంతం ప్రకారం మానవుడు కృప చేత దైవత్వాన్ని పొందుతాడే గాని, స్వభావం చేత దేవుడు కాడు.