పోలీసు జీపు, మహావీరాచార్యుడు, మధ్యలో ఒక ప్లస్ వన్

ఇవాళ్టి ఎపిసోడ్ చరిత్రే, కాకపోతే ఒక లెక్కలోంచి వెళ్దాం. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళకి ఈ లెక్క కొత్తేం కాదు. రోడ్డు పక్కన పోలీసు జీపు ఆగి ఉంది. ఒక కారు సెకనుకు 20 మీటర్ల వేగంతో, ఎక్కడా తగ్గకుండా, దాన్ని దాటేసింది. అదే క్షణంలో జీపు బయల్దేరింది. ప్రతి సెకనుకీ దాని వేగం 2 మీటర్ల చొప్పున పెరుగుతోంది. కారుని ఎప్పుడు పట్టుకుంటుంది?

పట్టుకోవడం అంటే ఏంటి? ఇద్దరూ ఒకే టైముకి ఒకే చోట ఉండటం. అంతే, ఇంకేం లేదు. కారు వెళ్ళిన దూరం 20 టీ. జీపు వెళ్ళిన దూరం యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్, ఇక్కడ యూ సున్నా కాబట్టి ఉత్త టీ స్క్వేర్. రెండూ సమానం చేస్తే 20 సెకన్లు, 400 మీటర్లు. ఆ క్షణానికి జీపు వేగం సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్లు! ఆగి ఉన్న బండి ఇలా ఒకే త్వరణంతో వెంటపడితే, ఆ త్వరణం ఎంతైనా సరే, అందుకునే క్షణానికి ముందు బండికి సరిగ్గా రెట్టింపు వేగంలో ఉంటుంది. మన ఊళ్ళో జీపులకి అది అయ్యే పనేనా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు సుమారు 850వ సంవత్సరానికి వెళ్దాం. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలం. జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రాశాడు. ఈ పేరు మనకి పరాయిది కాదు. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో రాసిన గణితానికి మూలం ఇదే. అంటే గణితం తెలుగులోకి వచ్చిన దారుల్లో ఇదొకటి.

అందులో ఒక లెక్క ఉంది. ఒకడు 3తో నడక మొదలుపెట్టి, ప్రతిసారీ 8 చొప్పున పెంచుకుంటూ పోతాడు. ఇంకొకడిది మార్పులేని నడక, 21. ఇద్దరూ ఒకే చోట, ఒకేసారి బయల్దేరారు. మళ్ళీ ఎప్పుడు కలుస్తారు? మన సౌకర్యానికి రోజుల లెక్క అనుకుందాం. మొదటివాడు మొదటిరోజు 3, రెండోరోజు 11, మూడోరోజు 19, ఇలా.

దీనికి ఆయనిచ్చిన సూత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది. మారని వేగంలోంచి మొదటి పదాన్ని తీసెయ్, పెరుగుదలలో సగంతో భాగించు, ఒకటి కలుపు. 21లోంచి 3 పోతే 18. దాన్ని 4తో భాగిస్తే నాలుగున్నర. ఒకటి కలిపితే ఐదున్నర.

ఇదే లెక్క మన ఇంటర్ పద్ధతిలో, త్వరణం 8, మొదటి వేగం 3 అని వేసుకుని చేస్తే నాలుగున్నరే వస్తుంది. మరి ఆ ప్లస్ వన్ ఎక్కడిది? కోడ్ రాసే మాలాంటివాళ్ళకి ప్లస్ వన్ కనిపిస్తే ముందు అనుమానమే పుడుతుంది, లూప్‌లో ఎవరో సున్నాకి బదులు ఒకటి నుంచి లెక్కపెట్టారేమో అని. ఇక్కడ మాత్రం అది తప్పు కాదు, లెక్కలో ప్రాణమంతా అక్కడే ఉంది.

మహావీరుడి 3 అనేది బయల్దేరిన క్షణంలో ఉన్న వేగం కాదు. మొదటిరోజు మొత్తం మీద నడిచిన దూరం. వేగం నిరంతరం పెరుగుతోంది అనుకుంటే, ఆ రోజు సగటు వేగం 3, అంటే మధ్యాహ్నానికి ఉన్న వేగం అన్నమాట. బయల్దేరినప్పటి వేగం అంతకంటే అరరోజు పెరుగుదల తక్కువ ఉండాలి, 3లోంచి 4 పోవాలి. ఆ సవరణ చేసి మన సూత్రంలో వెయ్యండి, అచ్చంగా ఐదున్నరే వస్తుంది. ప్లస్ వన్ ఆ అరరోజుకి కట్టిన బాకీ.

మరి 3లోంచి 4 పోతే మైనస్ 1 కదా! అవును. నిరంతర త్వరణం అనుకుంటే మనవాడు మొదట రోజులో ఎనిమిదో వంతు సేపు వెనక్కి నడవాలి. అందుకే దీన్ని పట్టుకుని "మనవాళ్ళు న్యూటన్ కంటే ముందే చలన సమీకరణాలు రాసేశారు" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. మహావీరుడి చేతిలో ఉన్నది త్వరణం కాదు, అంకశ్రేఢి. రోజువారీ నడకలో ఆయన జవాబుని సరిచూడండి. ఐదు రోజులకి మొదటివాడు 95, రెండోవాడు 105. తేడా 10. ఆరోరోజు ఒకడు 43, ఇంకొకడు 21, కాబట్టి రోజుకి 22 చొప్పున తేడా తగ్గుతుంది. ఆరోరోజులో 22లో 10 వంతులు, అంటే 11లో 5 వంతులు గడిచేసరికి కలిసిపోతారు. సగం రోజు దాకా అక్కర్లేదు. శ్రేఢి మొత్తానికి ఉన్న సూత్రంలో పదాల సంఖ్యగా ఐదున్నర వెయ్యడం ధైర్యమైన పనే, కానీ అది బీజగణితం. క్షణంలో వేగం అనే ఊహ అందులో లేదు.

ఆ ఊహ వైపు నడిచినవాళ్ళలో 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కి చెందిన నికోల్ ఒరేమ్ ముఖ్యుడు. వేగాన్ని బొమ్మగా గీసి, ఆ బొమ్మ వైశాల్యంలో దూరాన్ని చూశాడు. 1638లో గెలీలియో పుస్తకం వచ్చింది. నిశ్చలస్థితి నుంచి పడే వస్తువు సమాన కాలాల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయన్నాడు. చూశారా, అదీ అంకశ్రేఢే! మొదటి పదం 1, పెరుగుదల 2. ఒకటిలోంచి పెరుగుదలలో సగం తీసేస్తే సున్నా. మహావీరుడి శ్రేఢి, మన పోలీసు జీపు కలిసే చోటు ఇదే.

ఇక మీకో లెక్క. అవే అంకెలు, కానీ 21 వాడు ఒకరోజు ముందే బయల్దేరాడు. ఇప్పుడు ఒక్క వాక్యంలో తేలదు, వర్గ సమీకరణం వస్తుంది, 820కి వర్గమూలం తీయాలి. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ అనే ఊళ్ళో దొరికిన భూర్జపత్రాల ప్రతిలో ఇలా ముందే బయల్దేరినవాణ్ణి అందుకునే లెక్కలున్నాయి. పూర్తిగా తెగని వర్గమూలాన్ని దగ్గర దగ్గరగా లెక్కగట్టే పద్ధతీ ఉంది. ఆ పద్ధతి వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం, ఈలోపు మీరు కాలిక్యులేటర్ లేకుండా ప్రయత్నించండి.