ఇంటికి వచ్చిన ఊపిరి వైద్యము

పల్నాటి చరిత్ర మనగానే కారెంపూడి రణరంగము మీ మనస్సున మెదలును. నేడు నేను చెప్పబూనినది వేరొక పోరాటము. నాలుగడుగులు నడచి ఆయాసముతో అరుగుమీద కూలబడు వృద్ధులు మన గ్రామములలో పెక్కుమంది కలరు. పొయ్యి పొగ, చుట్ట పొగ, సున్నపు బట్టీల దుమ్ము ఊపిరితిత్తులకు శత్రువులు. చరకసంహిత శ్వాసరోగమును అయిదు విధములుగా విభజించినది. రోగము ప్రాచీనమే, చికిత్స ఎచ్చట జరుగవలె నను ప్రశ్నము మాత్రము క్రొత్తది. ఆ ప్రశ్నము క్షయతో పుట్టినది.

పూర్వము క్షయరోగికి ఇల్లు విడుచుటయే చికిత్స. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో శానిటోరియము వెలసినది. డెన్మార్కు దేశీయుడగు ఫ్రిమాట్ మోలర్ వైద్యుడు దానిని చాలకాలము నడపెను. మందులేని ఆ దినములలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే మందు. పల్నాటి కూలివాడు పొలము విడిచి నెలల తరబడి అచ్చట నుండగలడా?

1952లో ఐసోనియాజిడ్ మందు వాడుకలోనికి వచ్చినది. 1956లో మదరాసున ఒక పరీక్ష ప్రారంభమైనది. వాలెస్ ఫాక్స్ అను ఆంగ్లవైద్యుడు దానికి నాయకుడు. నగరమునందలి బీదలలో 193 మంది రోగులను రెండు పాయలు చేసి, ఒక పాయను శానిటోరియమునకు పంపి, రెండవదానిని ఇండ్లలోనే యుంచి, ఉభయులకును ఒక సంవత్సరము ఒకే విధమైన మందుల నిచ్చిరి. ఇంటివారికి తిండి తక్కువ, పని యెక్కువ, గది యిరుకు. అయినను 1959లో ప్రకటితమైన ఫలితము లోకమును ఆశ్చర్యపరచినది: వారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. వారి కుటుంబములకు అంటు హెచ్చలేదు. రాజుల దండయాత్రలకంటె ఈ విజయమే గొప్పదని నా తలంపు. అయితే మందిచ్చి ఊరకుండలేదు సుమా! చెప్పకుండ ఇండ్లకు వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కించిరి, మూత్రము పరీక్షించిరి.

దీర్ఘకాలిక శ్వాసరోగము క్షయవంటిది కాదు. అది అంటదు, పూర్తిగా కుదరదు. ఆయాసమునకు వెరచి రోగి కూర్చుండును. కూర్చుండగా కండలు క్షీణించును. క్షీణింపగా ఆయాసము మరింత హెచ్చును. ఈ వలయమును త్రెంచుటకు కొన్ని వారములు క్రమముగా నడక, కాలుసేతుల వ్యాయామము, శ్వాసాభ్యాసము చేయింతురు. 2022లో నరసరావుపేట జిల్లా కేంద్రమైనను, ఆయాసరోగి మాచెర్లనుండి వారమునకు రెండుమారులు బస్సెక్కుట మాటలా?

2020లో కోవిడ్ వచ్చినపుడు టెలిఫోను వైద్యమునకు మన ప్రభుత్వము నియమములు ప్రకటించినది. 2021లో కాక్రేన్ పండితులు 15 పరిశోధనలను, 1904 మంది రోగులను పరిశీలించి, దూరమునుండి చేయించిన అభ్యాసము ఆసుపత్రిలోని దానికి ఇంచుమించు సమానమని తేల్చిరి. కడవరకు సాగించినవారు ఇంట నూటికి 93, ఆసుపత్రిలో 70. కాని మదరాసున మాత్రలు లెక్కించినట్లు, ఇచ్చట నడక లెక్కించు మనిషి యొకడు ఫోనుకు ఆవల నుండవలెను. అది లేనిచో ఫోను ఆటవస్తువే.

మొదట వైద్యుడు ప్రత్యక్షముగా పరీక్షింపవలెను. పిదప ముక్కుతో గాలి పీల్చి, ఎదుటి దీపము ఆరక వణకునంత మెల్లగా, ముడిచిన పెదవులనుండి విడువవలెను. ఎదలో నొప్పి కలిగినచో, కన్ను తిరిగినచో తక్షణమే ఆపి వైద్యునికి తెలుపవలెను.