ముళ్ళకంచె లోపలి బడి

షోలాపూర్‌లో పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ళకు "సెటిల్మెంట్" అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రిక్షావాడికి ఆ ఒక్క మాట చెబితే చాలు, తీసుకుపోయి దింపుతాడు. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు మాత్రం ఆ మాట వినగానే భూమి తగాదాలు, పెద్దమనుషుల పంచాయితీలు అనుకుంటారు. మన హోట్గి రోడ్డు నేతవాళ్ళ వాడలకు అదేమీ పరాయి ఊరు కాదు. పొద్దున్నే మిల్లు భోంగా మోగితే ఆ వాడవాళ్ళూ మన వాడవాళ్ళూ ఒకే గేటు ముందు నిలబడిన రోజులున్నాయి. అయినా నేను చూసినంతలో మన సంఘాల సంచికల్లో పద్మశాలీల వలస గురించి పేజీలకు పేజీలుంటాయి గాని, పక్కవాడ గురించి ఒక వాక్యం కనబడదు. ఆ లోటు కొంతైనా తీరుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సెటిల్మెంట్ అనేది నేరస్థ జాతుల చట్టం కింద ఏర్పడిన నివాసం. 1871లో తెల్లదొరలు ఆ చట్టం చేశారు. మొదట ఉత్తరాదిలో అమలై, 1911 తర్వాత బొంబాయి, మద్రాసు ఇలాకాలకు కూడా వచ్చింది. ఒక కులాన్ని నేరస్థ జాతి అని గెజెట్‌లో ప్రకటిస్తే ఆ కులంలో పుట్టిన పసిబిడ్డ కూడా అనుమానితుడే. ఆ ప్రకటన తప్పని కోర్టుకు వెళ్ళే దారి లేకుండా చట్టంలోనే కట్టుదిట్టం చేశారు. మన ప్రాంతంలో ఆ పట్టికకు ఎక్కినవాళ్ళు కైకాడీలు, భామ్టాలు, పార్ధీలు, కంజర్‌భాట్‌లు, మాంగ్ గారుడీలు.

వీళ్ళంతా మొదటి నుంచీ దొంగలేనా? కైకాడీల సంగతే చూడండి. బుట్టలు, తట్టలు అల్లడం వాళ్ళ పని. వాళ్ళ బంధువులైన కొరవలు, ఎరుకలవాళ్ళు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్ళకు తిరిగి అమ్మేవాళ్ళు. సర్కారు ఉప్పును తన చేతిలోకి తీసుకుంది. రైలు వచ్చింది. షోలాపూర్‌కు 1860 ప్రాంతంలో, హోట్గి నుంచి గదగ్ దాకా 1884లో. రైలు పెట్టె మోసే సరుకు ముందు ఎద్దు మోసే సరుకు ఎంత? అడవి చట్టాలతో వెదురు కూడా దుర్లభమైంది. పని పోయినవాడు ఊరూరా తిరిగితే పోలీసు కంటికి దొంగగా కనబడ్డాడు. కొందరు దొంగతనాలు చేయలేదని నేననను. కానీ ఖాతాలో అప్పు మాత్రమే రాసి జమ వదిలేస్తే అది లెక్క కాదు.

ఇలా తిరిగే జాతుల మీద అనుమానం మన దేశానికే పరిమితం కాదు. యూరప్‌లో రోమాలనే జాతి ఉంది. జిప్సీలంటారు, ఆ పేరు వాళ్ళకు నచ్చదు. వెయ్యేళ్ళ కిందట ఇక్కడి నుంచే పడమటికి వెళ్ళినవాళ్ళని వాళ్ళ భాషే సాక్ష్యం చెబుతుంది. వాళ్ళ భాషలోనూ నీళ్ళను పానీ అనే అంటారు. రుమేనియా ప్రాంతంలో వాళ్ళు 1850ల దాకా బానిసలు. 1773లో ఆస్ట్రియా రాణి మరియా థెరిసా రోమా పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి రైతుల ఇళ్ళలో పెంచాలని ఉత్తరువు ఇచ్చింది. స్విట్జర్లాండులో 1926 నుంచి 1973 దాకా పిల్లల సంక్షేమానికే పుట్టిన ఒక ధర్మసంస్థ యేనిష్ అనే సంచార జాతి పిల్లలను దాదాపు ఆరు వందల మందిని ఇళ్ళ నుంచి తీసుకుపోయింది. 1986లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. తీసుకుపోయినవాళ్ళు రాక్షసులేమీ కారు, పిల్లలకు మేలు చేస్తున్నామనే వాళ్ళ నమ్మకం. ఈ కథలో నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

మన షోలాపూర్‌కు వద్దాం. 1910 ప్రాంతంలో ఓ.హెచ్.బి. స్టార్ట్ అనే ఐ.సి.ఎస్. అధికారి బిజాపుర్‌లో ఈ జాతులను ఒకచోట చేర్చి పనులు చూపించడం మొదలుపెట్టాడు. జైలులో పెట్టడం కంటే పని ఇచ్చి బడి పెడితే మారతారని ఆయన వాదన. ఆ పద్ధతే బొంబాయి ఇలాకా అంతటా పాకింది. షోలాపూర్ సెటిల్మెంట్‌ను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ మరాఠీ మిషన్‌కు అప్పజెప్పారు. ఈ మిషన్ 1813లో బొంబాయిలో మొదలై, అహమ్మదునగరం మీదుగా మన ఊరికి వచ్చినది. 1899-1900 కరువులో అనాథ పిల్లలను చేరదీసింది. మేరీ హార్డింగ్ అనే దొరసాని పేరుతో ఇక్కడ నడిచిన చిన్నపిల్లల బడి, పంతులమ్మల శిక్షణ కేంద్రం ఈ మిషన్‌వే. మన తాతలను తెలంగాణ పల్లెల నుంచి మగ్గాలు విప్పించి ఇటు తరిమిన వాటిలోనూ ఆ కాలపు కరువులున్నాయి. అంటే ఆకలి తోలుకొచ్చిన పిల్లలు ఈ ఊళ్ళో రెండు రకాలుగా పెరిగారు: కొందరు మగ్గం గుంట పక్కన, కొందరు మిషన్ బడిలో.

మిల్లులకు కూలీలు కావాలి. సర్కారుకు ఈ జాతులు కళ్ళెదుట ఉండాలి. మిషన్‌కు సేవ చేయడానికి బీదవాళ్ళు కావాలి. ఈ మూడు అవసరాలూ షోలాపూర్‌లో చక్కగా కలిసిపోయాయి. ముళ్ళకంచె లోపల గుడిసెలు, హాజిరీ, బయటికి పోవాలంటే పాసు. పగలు మిల్లుకు పని, వేళకు తిరిగి లోపలికి. కొన్నేళ్ళు బుద్ధిగా ఉన్నవాళ్ళను కంచె బయట కట్టిన ఇళ్ళకు పంపేవారు. దానికి ఫ్రీ కాలనీ అని పేరు. నేటికీ మన ఊరి చిరునామాల్లో "సెటిల్మెంట్ ఫ్రీ కాలనీ" అని, దాని పక్కన ఒక నంబరు రాస్తారు. ఎవరి నుంచి ఫ్రీ అని ఆ చిరునామా రాసుకునే పిల్లలు అడుగుతారో లేదో తెలియదు.

పిల్లల చదువు సంగతి దగ్గర నేను ఆగి ఆలోచిస్తాను. బయట మన పద్మశాలి పిల్లలు బడి ముఖం చూడకుండా కండెలు చుట్టుకుంటున్న రోజుల్లో, కంచె లోపలి పిల్లలకు బడి తప్పనిసరి. పనికి పోయే పెద్దపిల్లలకు రాత్రి బడి. కుట్టుపని, వడ్రంగం, వైద్యం. ఈ ఇలాకా సెటిల్మెంట్లలో సహకార పరపతి సంఘాలు కూడా పెట్టించారు. నా ఉద్యోగం బ్యాంకులో కాబట్టి ఈ మాట చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. వడ్డీవ్యాపారి చేతిలో పడకుండా కూలివాడికి పది రూపాయల అప్పు దొరకడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. దేశం కాని దేశం వచ్చి, ఎవరూ గడప తొక్కనివ్వని జాతుల పిల్లల తలలు దువ్వి, గజ్జికి మందు రాసిన దొరసానుల సేవను నేను తక్కువ చేయను. మన పెద్దకులాల వాళ్ళు ఆ పనికి పెద్దగా ముందుకు రాలేదని కూడా రాయాలి.

అయితే అదే చట్టం చేతిలో ఇంకో అధికారం ఉంది. 1897 సవరణ నాలుగేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచవచ్చని చెప్పింది. 1924 చట్టం కూడా విడదీసే ఆ అధికారాన్ని నిలబెట్టుకుంది. తల్లిదండ్రుల బుద్ధులు అంటకుండా పిల్లలను వేరే వసతి గృహాల్లో పెట్టడం సెటిల్మెంట్ పద్ధతిలో భాగమైంది. పోయింది అమ్మ ఒడి ఒక్కటే కాదు, భాష కూడా. కైకాడీల మాట, మన ఎరుకల మాట అక్కచెల్లెళ్ళు, రెండూ తమిళానికి దగ్గర. ఆ మాటను పోలీసులు దొంగల రహస్య భాష అన్నారు. బడిలో మరాఠీ. మరాఠీ గడ్డ మీద తెలుగు బడుల కోసం అర్జీలు పెట్టుకున్న మనకు, బడిలో అమ్మ మాట వినబడకపోవడం ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా? మనకు కనీసం లిపి ఉంది, ఈ పత్రిక ఉంది. వాళ్ళకు అర్జీ రాసుకునే అక్షరం కూడా వాళ్ళ భాషలో లేదు.

మన తెలుగుదేశంలోనూ ఇదే కథ నడిచింది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఎరుకలవాళ్ళ కోసం సెటిల్మెంట్ నడిపారు. దాన్ని చాలా ఏళ్ళు చూసినాయన శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు పెట్టిన స్టువర్టుపురం మాత్రం సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. 1991లో చిరంజీవి సినిమా, 2023లో ఇంకొకటి. హెరాల్డ్ స్టువర్ట్ మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు, ఆయన పేరే ఊరికి పెట్టారు. అక్కడివాళ్ళను చీరాల పొగాకు కంపెనీకి కూలికి పంపేవారు. మనకు మిల్లు, వాళ్ళకు పొగాకు, అంతే తేడా. మీనా రాధాకృష్ణ 2001లో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఈ సంగతులన్నీ విప్పి చెప్పింది. చిత్రమేమిటంటే, మిషన్ వాళ్ళు దేవుడి పేరుతో మొదలుపెట్టిన పనిని 1970లలో స్టువర్టుపురంలో అందుకున్నది నాస్తికులు, లవణం, హేమలతా లవణం దంపతులు. హేమలత మహాకవి జాషువా కుమార్తె. వాళ్ళ చేతిలో హాజిరీ పుస్తకం లేదు. ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నారు, మాట్లాడారు.

కాబట్టి తగవు మతం గురించి కాదని నా అభిప్రాయం. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారనే లెక్కతో దెబ్బలాడేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు, నాకు ఆ లెక్క మీద ఆసక్తి లేదు. ఫ్రాన్సులో 1950లలో క్లెమాన్ ల కొసెక్ అనే పాస్టరు రోమాల మధ్య ప్రచారం మొదలుపెట్టాడు. ఆ ఉద్యమంలో రోమాలే పాస్టర్లయ్యారు, తమ బండ్లలోనే సభలు పెట్టుకున్నారు. మన సెటిల్మెంట్‌లో ఒకే మేనేజరు చేతిలో బైబిలూ ఉంది, హాజిరీ పుస్తకమూ ఉంది. ఆదివారం ప్రేమ గురించి చెప్పిన మనిషే సోమవారం పాసు ఇవ్వాలా వద్దా అని తేల్చేవాడు. బ్యాంకులో కూడా అప్పు ఇచ్చే అధికారీ, ఆ లెక్కను ఆడిట్ చేసే అధికారీ ఒకరే కాకూడదని నియమం. అంత చిన్న జాగ్రత్త ఆ చట్టం రాసినవాళ్ళకు తోచలేదు, లేక అక్కరలేకపోయింది.

బొంబాయి రాష్ట్రం 1949లో ఆ చట్టాన్ని ఎత్తేసింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కంచె పోయింది గాని అనుమానం పోలేదు. నా సర్వీసులో ఒక బ్రాంచిలో, అప్పు దరఖాస్తు మీద సెటిల్మెంట్ అని చిరునామా చూసి కాగితాన్ని అడుగున పెట్టేవారు. జామీనుదారు దొరికినా అంతే. 1981లో కైకాడీ రచయిత లక్ష్మణ్ మానే "ఉపరా"కు, 1988లో లక్ష్మణ్ గాయక్వాడ్ "ఉచల్యా"కు సాహిత్య అకాడెమీ బహుమతులు వచ్చినప్పుడు షోలాపూర్‌లో ఆ పుస్తకాలు కొన్న మనవాళ్ళు ఎంతమందో! 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు నియమాల్లో ఇంకా మిగిలి ఉన్న ఇలాంటి జాతి వివక్షను కొట్టివేయవలసి వచ్చింది. అంటే డెబ్బై రెండేళ్ళ తర్వాత.

కంచె పోయాక వచ్చిన చిక్కు ఇంకొకటి. ఇక్కడి కైకాడీ విముక్త జాతి, విదర్భకు పోతే షెడ్యూల్డు కులం. హోట్గి జంక్షన్‌లో పట్టాలు చీలి ఒకటి విజాపురం, గదగ్ వైపు పోతుంది, ఇంకొకటి కలబురగి, వాడి మీదుగా మన హైదరాబాదుకు దారి తీస్తుంది. మొదటి బండి ఎక్కితే అక్కడి కొరచ, కొరమవాళ్ళు షెడ్యూల్డు కులం. రెండో బండి ఎక్కి తెలంగాణలో దిగితే ఎరుకలవాళ్ళు షెడ్యూల్డు తెగ. అటు ఒక అన్న, ఇటు ఒక తమ్ముడు, మూడు పట్టికలు.

మహారాష్ట్రలో విముక్త జాతి దాఖలా కావాలంటే 1961 నవంబరు 21కి ముందే కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు చూపాలి. గాడిద మీద సంసారం కట్టుకుని తిరిగినవాళ్ళ దగ్గర ఇంటి పన్ను రసీదు ఎక్కడిది? చదువు అప్పు కోసం ఒక పిల్లవాడు తండ్రిని వెంటబెట్టుకుని నా టేబులు దగ్గరికి వచ్చాడు, ఇంజనీరింగు సీటు వచ్చిందట. జత చేసిన కాగితాల్లో దాఖలా ఉంది. దాని వెనుక, ఏ ఆధారంతో ఇచ్చారో చూపించడానికి, పాత సెటిల్మెంట్ బడి రిజిస్టరు నకలు పెట్టాడు. అందులో వాళ్ళ తాత పేరు, కులం, చేరిన తేదీ చేతిరాతలో ఉన్నాయి. తండ్రి ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసి, జెరాక్సు తీసుకుని అసలు వెంటనే ఇచ్చేయండి సార్ అన్నాడు.