యూస్ట్రాంగిలిడోసిస్

నీటి అంచున నడుస్తూ చేపలు పట్టి తినే తెల్లకొంగలు, నారాయణ పక్షులు, చింతవొక్కులకు సోకే పరాన్నజీవి వ్యాధి ఇది. యూస్ట్రాంగిలిడిస్ ప్రజాతికి చెందిన ఎర్రని గుండ్రటి పురుగులు దీనికి కారణం. ఈ ప్రజాతికి 1909లో పేరు పెట్టారు. పెద్ద పక్షులు చాలావరకు తట్టుకుంటాయి. ప్రాణం పోయేది గూటిపిల్లలకే.

పక్షి రెట్టతో పురుగు గుడ్లు నీళ్లలో పడతాయి. అడుగు బురదలో బతికే ట్యూబిఫెక్స్ వంటి సన్నపురుగులు వాటిని మింగుతాయి. ఆ సన్నపురుగుల్ని చేపలు తింటాయి. చేప పొట్టలోనో కండలోనో లార్వా చుట్టచుట్టుకుని ఉండిపోతుంది. మన దేశంలో మట్టగిడసల్లో ఇవి కనిపిస్తాయి. ఆ చేపను పక్షి మింగిన 3-5 గంటల్లోనే లార్వా జఠరం గోడను తొలవడం మొదలుపెడుతుంది. 10-17 రోజుల్లో గుడ్లు పెట్టే దశకు వస్తుంది.

తల్లిదండ్రులు కక్కి పెట్టే చేపతోనే పిల్లకు పురుగు చేరుతుంది. లేత జఠరం చిల్లుపడి, పొట్టలోకి బాక్టీరియా పాకి పెరిటొనైటిస్ (పొట్ట లోపలి పొర వాపు) వస్తుంది. పిల్ల మేత ముట్టదు, చిక్కిపోతుంది. బలమైన తోబుట్టువులు ఒక్కోసారి దాన్ని గూట్లోంచి తోసేస్తాయి. చెట్టు కింద పడివున్న పిల్లను చూసినవాళ్లు ఆకలితో చచ్చిందనో, గాలికి పడిందనో అనుకుంటారు. కోసి చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు. కాబట్టి పాతిపెట్టే ముందు పశువైద్యులకు చూపించి తీరాలి.

అడవి పక్షులకు మందు వేయడం సాధ్యమయ్యే పని కాదు. చూడవలసింది నీటినే. మురుగు, ఎరువులు చేరిన నీటిలో బురద పురుగులు విపరీతంగా పెరుగుతాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో కొంగల గూళ్లను పరిశీలించినప్పుడు, మనుషులు తవ్వి మార్చిన, పోషకాలు మితిమీరిన నీళ్ల దగ్గరే వ్యాధి ఎక్కువగా కనిపించింది.

ఆంధ్రప్రదేశ్‌లో చేపలు తినే పక్షులకు పురుగుల బెడద కొత్త కాదు. 2022 ఆరంభంలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు గుండ్రటి పురుగుల వల్లే చనిపోయాయి. అంతకుముందు 2017-18లో కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనూ ఇలాగే జరిగింది. వీటిని యూస్ట్రాంగిలిడోసిస్‌గా లెక్కించలేం. అయినా తిరుపతి జిల్లాకు ఇవి హెచ్చరికలే. ఆ జిల్లాలో 1976లో ఏర్పడిన నేలపట్టు పక్షుల కేంద్రంలో నీటికడప చెట్లపై చింతవొక్కులు, కొంగలు గూళ్లు పెడతాయి. తిరుపతి, రేణిగుంటల పక్కన పారే స్వర్ణముఖి నదిలో మురుగు చేరిన మడుగులు ఉన్నాయి. వాటి బురదను, చేపలను పరీక్షిస్తూ ఉండాలి.

పచ్చి చేప తింటే మనుషులకూ ఈ లార్వా చేరుతుంది. 1982లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఎరకు ఉంచిన చిన్న చేపలను బతికుండగానే మింగిన జాలర్లకు పేగు చిల్లుపడింది. బాగా ఉడికిన చేపతో ఆ భయం లేదు.