వ్యాళరూపం: శిలలో నిలిచిన మనోమృగం



గత కార్తికమాసంలో మా ఆలయ ముఖమండపంలో జీర్ణించిన ఒక స్తంభాన్ని మార్చవలసి వచ్చినది. యువస్థపతి ఒకరు నూతన స్తంభానికి రేఖాచిత్రం గీసి తెచ్చారు. అందులో సింహదేహం, గజతుండం, మేషశృంగాలు గల ఒక మృగం వెనుక పాదాలపై లేచి నిలిచి ఉన్నది. దాని వీపుపై ఒక వీరుడు, పాదాల క్రింద ఒక ఏనుగు. ఆ చిత్రం చూచిన ఒక పెద్దమనిషి, "స్వామీ, ఇటువంటి జంతువు సృష్టిలోనే లేదు గదా! లేనిదానికి భక్తుల ద్రవ్యం వెచ్చించడం దేనికి? నునుపైన స్తంభం చాలదా?" అని అడిగారు. వేదపాఠశాలలో నాకు శిల్పశాస్త్రం చెప్పలేదు. వెంటనే సమాధానం ఇవ్వలేకపోయాను. పిమ్మట చదివి, పెద్దలను అడిగి తెలుసుకొన్నదే ఇక్కడ నివేదిస్తున్నాను.

ఈ మృగానికి సంస్కృతంలో వ్యాలమని పేరు. మనం వ్యాళమనీ, యాళి అనీ అంటాము. క్రీ.శ. 11వ శతాబ్దంలో భోజమహారాజు రచించిన సమరాంగణసూత్రధారం వ్యాళభేదాలను పదహారుగా చెప్పినది. తదుపరి శతాబ్దపు అపరాజితపృచ్ఛ ఆ పదహారింటికీ పదహారేసి భంగిమలు కల్పించినది. అనగా 256 రూపాలు! సింహ, గజ, అశ్వ, నరాది ముఖాలతో ఇవి ఏర్పడుతాయి. కనుక స్థపతి ఊహకు శాస్త్రం ద్వారం మూయలేదు, మార్గం చూపినది. అవయవాలన్నీ మనం ఎరిగినవే, సంయోగం మాత్రమే అపూర్వం.

ఆలయవాస్తువులో ఈ మృగం నడచివచ్చిన దారి ఆశ్చర్యకరమైనది. పల్లవుల కాలంలో, 7వ, 8వ శతాబ్దాలలో, మామల్లపురంలో సింహం స్తంభపాదం వద్ద కూర్చుండి భారం మోసినది. 1010 నాటికి పూర్తియైన తంజావూరు బృహదీశ్వరాలయంలో వ్యాళాలు అధిష్ఠానంపై వరుసదీరి వ్యాళవరిగా నిలిచాయి. మన తెలుగునాట, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్ప దేవాలయంలో, మదనికలకు తోడుగా గజవ్యాళాలు బాహ్యస్తంభాల పైభాగాన వెలసి, కప్పు అంచును మోస్తున్నట్లు కనుపిస్తాయి. 16వ శతాబ్దానికి హంపీ విఠలాలయ మహామండపంలోనూ, వేలూరు జలకంఠేశ్వరాలయ కల్యాణమండపంలోనూ వ్యాళం స్తంభమంతా ఆక్రమించి ఉవ్వెత్తున లేచినది. స్తంభం, మృగం, ఆరోహకుడు అన్నీ ఒకే శిలాఖండం నుండి వెలువడినవే. తమిళనాట కొన్ని వ్యాళాల నోటిలో రాతిగుండు దొర్లుతుంది. దానిని బయటినుండి తెచ్చి పెట్టలేదు; దంతాల సందుల నుండి ఉలిని పోనిచ్చి లోపలనే చెక్కినారు. అటువంటి చోట ఒక్క దెబ్బ తప్పితే మాసాల శ్రమ వ్యర్థం. అందుకే ముందుగా రేఖలన్నీ స్పష్టంగా గీసుకొనడం స్థపతికి అనివార్యం.

ఇక "లేనిదానిని చెక్కడమెందుకు?" అన్న ప్రశ్న. శివపురాణంలో కీర్తిముఖుని కథ ప్రసిద్ధమే. జలంధరుని దూతగా వచ్చిన రాహువు అనుచితంగా పలుకగా, పరమేశ్వరుని భ్రూమధ్యం నుండి సింహముఖుడైన ఒక ఘోరపురుషుడు పుట్టినాడు. రాహువు శరణు వేడినాడు, స్వామి అతనిని విడిపించినాడు. అప్పుడు ఆకలి భరించలేని ఆ ఘోరరూపం, స్వామి ఆజ్ఞతో తన దేహాన్నే భక్షించి ముఖమాత్రంగా మిగిలినది. దానికి స్వామి ద్వారంపై శాశ్వతస్థానం ప్రసాదించినాడు. ఇది లోకంలో తిరిగే జంతువు కాదు. కాని క్రోధం, క్షుధ, వాటి శమనం మనలో లేనివా?

వ్యాళాన్నీ నేను అట్లే దర్శిస్తున్నాను. కఠోపనిషత్తు ఇంద్రియాలను అశ్వాలుగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా నిరూపించినది. శిల్పులందరూ ఈ అర్థంతోనే చెక్కినారని నేననను. అయినా మండపంలో అడుగిడే ఉపాసకునికి, మదగజాన్ని త్రొక్కి లేచిన ఆ మృగంలో తన మనోవేగమే గోచరిస్తే, గర్భాలయం చేరేలోగా ఒక క్షణం ఆత్మపరిశీలన కలుగుతుంది. నునుపైన స్తంభం కప్పును మోయగలదు, ఈ స్ఫురణను ఇవ్వలేదు.

ఈ మాటలే ఆ పెద్దమనిషికి విన్నవించాను. ఆయన చాలాసేపు చిత్రాన్ని చూచి, "అయితే ఆ వీరుని చేతిలో కళ్ళెమేది?" అన్నారు. నిజమే, నేనూ గమనించలేదు! స్థపతి నవ్వి, అక్కడే సీసపుకడ్డీతో కళ్ళెం గీసినారు. ఇప్పుడు శిలపై పని సాగుతున్నది.

పాఠకమహాశయులు ఇకపై ఏ ప్రాచీనాలయానికి వెళ్ళినా, స్వామిదర్శనానికి త్వరపడక, ఒక వ్యాళం ఎదుట క్షణం నిలువగలరు. దాని వీపుపై ఉన్నవాని చేతిని చూడండి.

ఇతి శమ్.