ఇశ్రాయేలీయుల అవిధేయత - పశ్చిమ ప్రకాశం

ఇశ్రాయేలీయుల అవిధేయత బైబిలు పాత నిబంధనలో పదే పదే ఎదురయ్యే ఇతివృత్తం. ఐగుప్తు వెట్టి నుంచి బయటపడ్డ జనం సీనాయి కొండ దగ్గరే బంగారు దూడను పోతపోయించుకున్న ఘట్టం అందరికీ తెలిసిందే. దీని నడక పూర్తిగా కనిపించేది మాత్రం న్యాయాధిపతుల గ్రంథంలో. జనం బయలు, అష్తారోతు అనే అన్యదేవతల వెంట పోతారు, శత్రువుకు చిక్కుతారు, మొరపెడతారు. ఒక న్యాయాధిపతి లేచి విడిపిస్తాడు. అతను కన్నుమూయగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. మోయాబు రాజు ఎగ్లోను కింద 18 ఏళ్లు, కనాను రాజు యాబీను కింద 20, మిద్యానీయుల కింద 7 అని దాసత్వానికి లెక్క కూడా రాసిపెట్టారు.

క్రీ.పూ. 722 ప్రాంతంలో సమరయ అష్షూరు వశమైంది. 586 ప్రాంతంలో బబులోను సేన యెరూషలేమును కూల్చింది. ద్వితీయోపదేశకాండం నుంచి రాజుల గ్రంథాల దాకా ఉన్న చరిత్ర ఆ పతనం తర్వాతే ఒక రూపానికి వచ్చిందని మార్టిన్ నోత్ అనే జర్మన్ పండితుడు 1943లో వాదించాడు. దేవుడు తన దేశం మీద కోపించాడనే మాట మోయాబు రాజు మేషా శాసనంలోనూ ఉంది. కానీ తరతరాల తప్పుల చిట్టాను తనే విప్పి చెప్పుకున్న జాతి మరొకటి దొరకడం కష్టం.

పశ్చిమ ప్రకాశంలోని యర్రగొండపాలెం, మార్కాపురం, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో ఈ కథ ఇటు అమెరికన్ బాప్టిస్టు మిషన్ ద్వారా వచ్చింది. ఆ మిషన్ బోధకుడు జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. కంభంలో 1882లో, మార్కాపురంలో 1895లో మిషన్ కేంద్రాలు వెలిశాయి. కొత్తగా చేరే మాదిగలకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఊరి కొలుపులో డప్పు కొట్టడం అప్పట్లో మాదిగవాడి విధిగా ఉండేది. కొట్టనంటే పెద్దల ఆగ్రహం తప్పేది కాదు, ఆదివారం పనికి రానంటే కూలి పోయేది. దేవుడికి విధేయత ఊరికి అవిధేయతగా మారింది. దూడ కథలోని ‘తిరుగుబాటు’ ఇక్కడ తలకిందులైంది.

1876-78 కరువులో మిషన్‌కు అసలు పరీక్ష ఎదురైంది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చాడు. గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్లలో ఒక్కోసారి ఇద్దరు బోధకులే నిలబడేవారు, వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఆ ఏరు పుట్టింది ఇటు నల్లమలలోనే.

మాట వినకపోతే వాన ఆగిపోతుందని ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయం హెచ్చరిస్తుంది. వానను నమ్ముకున్న ఈ మెట్ట రైతుకు అది పక్కచేను సంగతిలా తోస్తుంది. చిక్కు కూడా అక్కడే. ఎండిన చేను చూపించి రైతు పాపం లెక్కగట్టడం ఈ కథను తప్పుగా చదవడమే. ఆమోసు ప్రవక్త తిట్టింది తూకంలో మోసం చేసేవాళ్లను, చెప్పుల జతకు బీదవాణ్ని కొనేవాళ్లను. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులు కారన్నాడు యేసు.

కొత్తగా చదివేవారు న్యాయాధిపతుల గ్రంథం రెండో అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు. కరువు ఏడాదిలో చదివేవారు మాత్రం ముందు యోబు గ్రంథం తెరవండి.